చంక, తొట్టెల, బెల్టు

2016 డిసెంబర్ 23న సిద్దిపేట జిల్లా ఎర్రవల్లిలోనూ, పక్కనున్న నర్సన్నపేటలోనూ ఒకే రోజు వందల ఇళ్లలో పాలు పొంగాయి. అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు దత్తత తీసుకున్న ఊళ్లవి. కొత్త ఇళ్లకు రెండు పడకగదులు, హాలు, వంటగది, మరుగుదొడ్డి, పైన కాంక్రీటు స్లాబు. పాత మట్టిగోడల ఇళ్లలో లేనివన్నీ వచ్చాయి. ఉన్నదొకటి పోయింది: దూలం.

దూలం పోతే ఏం పోయిందని మగవాళ్లకు తోచకపోవచ్చు. పెంకుటింట్లో దూలానికి తాడు వేసి, పాత చీర కొసలు రెండూ ముడేసి వేలాడదీసి, లోపల బట్ట విచ్చుకునేలా ఒక అడ్డకర్ర పెడితే తొట్టెల తయారయ్యేది. పైసా ఖర్చు లేదు. వంట చేస్తూ కాలితో ఒకసారి నెట్టినా చాలు, బిడ్డ పడుకునేది. స్లాబు ఇంట్లో ఆ సౌకర్యం ఉండాలంటే స్లాబు పోసేటప్పుడే ఇనుప కొక్కెం దించుకోవాలి. మరిచిపోతే తర్వాత డ్రిల్లింగ్ మిషన్ తెప్పించుకోవాలి, లేదంటే గజ్వేల్ బజారుకు పోయి స్టీలు స్టాండు తొట్టెల కొనుక్కోవాలి. తెలంగాణలో బిడ్డ పుట్టిన ఇరవై ఒకటో రోజున తొట్టెలలో వేసి పేరు పెట్టే వేడుకను ఇప్పటికీ 'తొట్టెల' అనే పిలుస్తారు. బోనాల పండుగకు అమ్మవారికి రంగు కాగితాలతో, వెదురు పుల్లలతో చేసి సమర్పించేదీ తొట్టెలే. ఇంతటి వస్తువుకు ఇంటి కప్పు మారగానే జాగా వెతుక్కోవలసి వచ్చింది.

పసిబిడ్డను మోసే సాధనాల చరిత్ర రాయాలంటే ఇలాంటి చోటే మొదలుపెట్టాలి. బిడ్డను ఎత్తుకోవడం ప్రేమకు సంబంధించిన సంగతే గానీ, ఎట్లా ఎత్తుకోవాలన్నది మాత్రం ఇంటి కప్పు, చేసే పని, నడిచే దూరం, ఇంట్లో మిగిలే మనుషులు కలిసి తేల్చిన విషయం. ఇవాళ ఆన్‌లైన్‌లో బేబీ క్యారియర్ కోసం వెతికే జంట కూడా, తెలిసో తెలియకో, ఆ నాలుగు లెక్కలే వేసుకుంటుంది.

మొదట్లో చెప్పిన ఎర్రవల్లి, గద్వాల వైపు హైవే మీదున్న ఎర్రవల్లి చౌరస్తా కాదు. ఇది మర్కూక్ మండలంలోది. 2016 అక్టోబర్‌లో జిల్లాలు విడిపోకముందు ఇది మెదక్ జిల్లా జగదేవ్‌పూర్ మండలంలో ఉండేది. 2015 డిసెంబర్‌లో అయుత చండీయాగం జరిగినప్పుడు దేశం నలుమూలల వాళ్లకు దీని పేరు తెలిసింది. అంతకుముందు ఇది చుట్టుపక్కల ఊళ్ల మాదిరిగానే వానలను, బోర్లను నమ్ముకున్న మెట్ట పల్లె. మక్క, పత్తి, బోరు కింద కొంచెం వరి, కూరగాయలు. గోదావరి నీళ్లను ఎత్తిపోసే 15 టీఎంసీల కొండపోచమ్మ సాగర్ 2020 మే 29న మర్కూక్ దగ్గర ప్రారంభమయ్యాకే ఈ ప్రాంతానికి పెద్ద జలాశయమన్నది కనిపించింది.

మెట్ట పంటలకు ఆడవాళ్ల చేతులు కావాలి. మక్క చేలో కలుపు తీయాలి, పత్తి ఏరాలి, బోరు కింద మడిలో నాటు వేయాలి. దున్నడం, నీళ్లు పెట్టడం మగవాళ్లవి. నడుం వంచి చేసేవి దాదాపు అన్నీ ఆడవాళ్లవి. తెల్లారకముందే లేచి, నీళ్లు తెచ్చి, వాకిలి ఊడ్చి, సద్ది కట్టుకుని ముఠాతో బయలుదేరితే మళ్లీ పొద్దుగూకాకే ఇల్లు. పాలు తాగే బిడ్డను ఇంట్లో వదిలితే పొద్దుగూకే దాకా దానికి పాలు ఉండవు. తీసుకుపోతే పనిలో పెట్టుకునే ఆసామి మొహం ముడుచుకుంటాడు. ఈ ఇరకాటంలోంచే పద్ధతులు పుట్టాయి.

మొదటిది చంక. తెలంగాణ పల్లెల్లో 'సంకల ఎత్తుకునుడు' అంటారు. బిడ్డ కాళ్లు రెండూ తల్లి నడుముకు అటూ ఇటూ వస్తాయి, తల్లి చెయ్యి వెనక నుంచి పట్టుకుంటుంది, రెండో చెయ్యి ఖాళీ. ఆ ఖాళీ చేతితోనే తలమీది గంపను ఆపుకుంటుంది, లేదా రెండో చంకన బిందె పెట్టుకుంటుంది. సిద్దిపేట నేతగాళ్లు నేసే గొల్లభామ చీర మీది బొమ్మ తల మీద కుండ పెట్టుకుని నడుస్తూ ఉంటుంది. ఆ బొమ్మ చంకన బిడ్డ లేదు గానీ, ఆ నడక నడిచే ఆడవాళ్లలో చాలామందికి ఉండేది.

చంకన ఎక్కాలంటే బిడ్డకు మెడ నిలవాలి. తొలికాన్పు పుట్టింట్లో జరిపి, మూడో నెలలోనో ఐదో నెలలోనో తల్లీబిడ్డలను అత్తగారింటికి పంపే ఆనవాయితీ తెలుగునాట అంతటా ఉంది. మెడ నిలవని నెలలన్నీ పుట్టింట్లో మంచం మీద, తొట్టెలలో, అమ్మమ్మ కాళ్ల మీద గడిచిపోతాయి. కోడలు పనిలో పడే వేళకు బిడ్డ చంకకు సిద్ధమవుతుంది. ఈ ఆనవాయితీకి ముహూర్తాలు, సరి బేసి నెలలు అంటూ ఎన్ని కారణాలు చెప్పుకున్నా, లోపల ఈ శరీరపు లెక్క కూడా ఉందని అనుకోవడంలో తప్పులేదు.

చంకకు ఖరీదు లేదనుకుంటాం. ఉంది, తల్లి ఒంటి నుంచి చెల్లుతుంది. మానవ శరీర పరిణామం మీద పరిశోధించే కారా వాల్-షెఫ్లర్, ఆమె సహచరులు 2007లో అచ్చేసిన అధ్యయనంలో, బిడ్డను గుడ్డలో కట్టుకుని నడిచేటప్పటి కన్నా చేతుల్లో ఎత్తుకుని నడిచేటప్పుడు సగటున 16 శాతం ఎక్కువ శక్తి ఖర్చవుతుందని తేలింది. రోజూ అటు రెండు మైళ్లు, ఇటు రెండు మైళ్లు నడిచే కూలి తల్లికి అది చిన్న తేడా కాదు. బిడ్డను గుడ్డతో ఒంటికి కట్టుకోవడం మనిషి చేసుకున్న తొలి పనిముట్లలో ఒకటై ఉండాలని కొందరు పురావస్తు శాస్త్రజ్ఞులు వాదించడానికి కూడా కారణం ఇదే. గుడ్డ, తోలు మట్టిలో కలిసిపోతాయి, రాతి గొడ్డలి మిగులుతుంది. అందుకే మ్యూజియంలో గొడ్డలి ఉంది, జోలె లేదు.

మరి ఇక్కడి ఆడవాళ్లు వీపున ఎందుకు కట్టుకోలేదు? కట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఊరూరా తిరిగి సోది చెప్పే ఎరుకలసాని బొమ్మ తెలుగువాళ్లందరికీ తెలుసు: చేతిలో గద్దెబుట్ట, గుడ్డలో కట్టుకున్న పసిబిడ్డ. శ్రీనివాసుడు పద్మావతి తల్లిదండ్రుల దగ్గరికి ఎరుకలసాని వేషంలో వెళ్లిన కథలో, ఆ వేషం పూర్తి కావడానికి సాక్షాత్తూ బ్రహ్మదేవుడే చంటిబిడ్డ కావలసి వచ్చింది. బిడ్డ లేకపోతే ఆ వేషాన్ని ఎవరూ నమ్మరన్నమాట. పశువులతో, సరుకులతో దూరాలు నడిచిన లంబాడాల్లోనూ జోలెలో బిడ్డను వేసుకుని నడవడం మామూలే. కరువు కాలంలో ఊరు విడిచిపోయే కుటుంబాలు కావడికి ఒకవైపు సామాను, మరోవైపు పిల్లలను కూర్చోబెట్టి మోసేవి. కృష్ణుణ్ణి గంపలో పెట్టి నెత్తిన మోస్తూ యమున దాటే వసుదేవుడి పటం ప్రతి ఇంట్లో చూసినదే. నడకే బతుకైన వాళ్లందరూ బిడ్డను ఏదో ఒక గుడ్డలోనో బుట్టలోనో వేసి చేతులు ఖాళీ చేసుకున్నారు.

ఊళ్లో స్థిరపడి సేద్యం చేసేవాళ్లలో ఆ పద్ధతి అంతగా పాతుకోలేదు. నడుం వంచి చేసే పనికి వీపు మీది బిడ్డ అడ్డమని చెబితే సరిపోదు. ఆఫ్రికాలో లక్షల మంది ఆడవాళ్లు బిడ్డను వీపున కట్టుకునే వంగి చేను గొప్పు తవ్వుతారు. అసలు తేడా ఇంట్లో ఉంది. ఇక్కడ బిడ్డను అందుకోవడానికి ఇంకో జత చేతులు ఉండేవి. అవ్వ ఉండేది. అవ్వ లేకపోతే అక్క ఉండేది.

ఈ అక్క దగ్గర కాసేపు ఆగాలి. ఏడెనిమిదేళ్ల పిల్ల, తన బరువులో మూడోవంతు ఉండే తమ్ముణ్ణి చంకనేసుకుని, నడుం ఒక పక్కకు వంచి, వీధిలో తొక్కుడుబిళ్ల ఆడేవాళ్లను చూస్తూ నిలబడడం తెలంగాణ పల్లెల్లో నిన్నమొన్నటి దాకా ఎవరి కంటికీ వింతగా కనిపించని దృశ్యం. బిడ్డకు ఆకలైతే ఆ పిల్లే ఎత్తుకుని చేను దాకా నడిచి, తల్లి దగ్గర పాలు తాగించి, మళ్లీ ఇంటికి తెచ్చేది. ఇరవయ్యో శతాబ్దపు తెలంగాణలో అన్నిటికన్నా ఎక్కువగా వాడిన బేబీ క్యారియర్ ఏది అని నిజాయితీగా అడిగితే, జవాబు చీర కాదు, బుట్ట కాదు, ఈ పిల్లే. దాని ఖరీదు ఆమె చదువు.

దాన్ని పనిగా గుర్తించినవాళ్లు తర్వాత వచ్చారు. మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ 1990ల మొదట్లో రంగారెడ్డి జిల్లాలో పిల్లలను పనుల్లోంచి బడికి మళ్లించే ఉద్యమం మొదలుపెట్టినప్పుడు, బడికి రాని ప్రతి పిల్లా, పిల్లవాడూ బాలకార్మికులే అన్న నియమం పెట్టుకుంది. ఫ్యాక్టరీలో, జీతానికి పనిచేసేవాళ్లనే లెక్కించే పాత నిర్వచనంలో తమ్ముణ్ణి మోసే అక్క ఎక్కడా కనిపించదు. ఈ కొత్త నియమంతో ఆమె లెక్కలోకి వచ్చింది. ఆ సంస్థను నడిపించిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది. అక్క బడికి పోయింది. ఇంట్లో ఒక జత చేతులు తగ్గాయి. ఇది జరగవలసిన మంచే. కానీ బిడ్డను ఎవరు పట్టుకోవాలన్న ప్రశ్న అప్పటి నుంచీ కొత్తగా మొదలైంది, బజారులో బెల్టుల క్యారియర్లు కనబడడం కూడా ఆ తర్వాతి కాలపు సంగతే.

బిడ్డను మోయడమే ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలూ తెలంగాణ చరిత్రలో ఉన్నాయి. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటంలో అజ్ఞాత దళాలతో అడవుల్లో తిరిగిన తల్లుల అనుభవాలను స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం 'మనకు తెలియని మన చరిత్ర' పేరుతో 1986లో గ్రంథస్థం చేసింది. బిడ్డ ఏడిస్తే దళమంతా దొరికిపోతుందన్న భయంతో కన్నబిడ్డను వేరేవాళ్లకు అప్పగించవలసి వచ్చిన తల్లి కథ అందులో ఉంది.

పని దగ్గరికి వచ్చిన బిడ్డను ఎక్కడ ఉంచాలన్నది చట్టాల్లోకి మెల్లగా ఎక్కింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మహిళా కార్మికుల సంఖ్య ఒక హద్దు దాటితే శిశుగృహం ఉండాలంది. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం యాభై మందికి మించి మహిళలున్న చోట్ల అదే చెప్పింది. సిద్దిపేట, దుబ్బాక వైపు బీడీలు చుట్టే ఆడవాళ్లకు ఇది పెద్దగా అక్కరకు రాలేదు. వాళ్లు ఇళ్లల్లోనే చాట ఒళ్లో పెట్టుకుని చుట్టేవారు, ఇంటిని ఫ్యాక్టరీ అని ఎవరూ అనరు కదా. ఢిల్లీలో గాంధీ దర్శన్ నిర్మాణం జరుగుతున్న చోట దుమ్ములో పడి ఉన్న కూలీల పిల్లలను చూసి మీరా మహాదేవన్ 1969లో 'మొబైల్ క్రెషెస్' అనే శిశుగృహాల సంస్థను మొదలుపెట్టారు. అదే కాలంలో ఇక్కడ నాగార్జునసాగర్ లాంటి ఆనకట్టల దగ్గర రాళ్లు మోసిన పాలమూరు కూలి తల్లులకు దొరికింది మళ్లీ మూడు కట్టెలు నిలబెట్టి కట్టుకున్న చీర తొట్టెలే.

ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభించారు. మొదటి విడతలోనే ఉమ్మడి మెదక్ జిల్లా కూడా ఉంది. పని చోటికి ఆరేళ్ల లోపు పిల్లలు ఐదుగురు, అంతకన్నా ఎక్కువ మంది వస్తే, వాళ్లను చూసుకోవడానికి ఒక మహిళను పెట్టి, ఆమెకు కూడా కూలి రేటు ఇవ్వాలని ఆ చట్టంలో రాశారు. బిడ్డను చూసుకోవడం కూలి కట్టదగిన పని అని ఊళ్లోని చెరువు గట్టు మీద రాతపూర్వకంగా ఒప్పుకున్నది అప్పుడే. కాగితం మీద ఉన్నంత చక్కగా నేల మీద జరిగిందా అంటే, చెట్టు కొమ్మలకు వేలాడిన చీరలు వేరే జవాబు చెప్పాయి.

బెల్టులు, బకిళ్లు ఉన్న క్యారియర్ ఇంకో దారిలో వచ్చింది. 1960లలో పశ్చిమాఫ్రికాలోని టోగోలో పనిచేసిన ఆన్ మూర్ అనే అమెరికన్ నర్సు అక్కడి తల్లులు బిడ్డను వీపున కట్టుకుని పనులు చేసుకోవడం చూసింది. అమెరికాకు తిరిగొచ్చి, తనకు కూతురు పుట్టాక అలాగే శాలువతో కట్టుకోబోతే జారిపోయింది. తన తల్లితో కలిసి పట్టీలున్న సంచి ఒకటి కుట్టించుకుంది. 1969లో దానికి పేటెంట్ వచ్చింది. 'స్నగ్లీ' పేరుతో ఆ దేశమంతా అమ్ముడైంది. జర్మనీలో ఎరికా హాఫ్‌మన్ తన కవలలను మోయడానికి మెక్సికో ఆడవాళ్ల 'రెబోసో' శాలువను వాడి చూసి, 1972లో దాన్నే వ్యాపారంగా మార్చింది. స్వీడన్‌లో బేబీబ్యోర్న్ 1973లో ఛాతీకి తగిలించుకునే క్యారియర్ తెచ్చింది. జపాన్‌లో ఒంబుహిమో, కొరియాలో పొదేగి ఎప్పటి నుంచో ఉన్నవే. మొత్తానికి పేద దేశాల అమ్మలు చేతి గుడ్డతో చేసుకున్న పనినే, తెల్లవాళ్లు బకిల్ పెట్టి, డబ్బాలో పెట్టి, వాడే విధానం అచ్చేసి అమ్మారు. ఇప్పుడది సముద్రం దాటి మన బజారుకు వచ్చింది.

డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో కూతురి ఇంటికో కొడుకు ఇంటికో కాన్పుకు వెళ్లొచ్చిన అమ్మమ్మలు, నాయనమ్మలు దీన్ని ఊళ్లల్లోకి ముందుగా తెచ్చినవాళ్లలో ఉన్నారు. వాళ్లను ఆశ్చర్యపరిచింది బకిల్ కాదు, దాన్ని కట్టుకున్న మనిషి. ఛాతీకి బిడ్డను తగిలించుకుని అల్లుడో కొడుకో కూరగాయలు కొంటున్నాడు! పెద్దల ముందు తన బిడ్డను ఎత్తుకోవడానికి సిగ్గుపడే తండ్రుల తరం నుంచి వచ్చినవాళ్లకు అది వింతే. ఇక్కడి తండ్రులు బిడ్డలను మోయలేదని కాదు. కొమురవెల్లి మల్లన్న జాతరకు పుట్టువెంట్రుకలు తీయించడానికి వెళ్లేటప్పుడు మెడల మీద కూర్చోబెట్టుకుని మోసింది వాళ్లే. అయితే అది ఏడాదికి ఒక్కరోజు, అదీ నడక నేర్చిన బిడ్డను. రోజువారీ బరువు మోత మాత్రం ఆడవాళ్లది.

చంక అంత పాత పద్ధతి అయినా, దాని విలువను వైద్యం ఈమధ్యే గుర్తించింది. బిడ్డ తొడలు విచ్చుకుని, మోకాళ్లు పిరుదుల కన్నా కొంచెం ఎత్తులో ఉంటే తుంటి కీలు గుంతలో సరిగా కుదురుకుంటుంది. కాళ్లు నిటారుగా చాపి బిగించి చుట్టే ఆచారమున్న సమాజాల్లో తుంటి కీలు తప్పడం ఎక్కువగా కనిపించింది. జపాన్ 1975 ప్రాంతంలో అలా కాళ్లు చాపి చుట్టడం మానాలని ప్రచారం చేస్తే ఆ సమస్య బాగా తగ్గింది. చంకన కూర్చున్న బిడ్డ కాళ్ల భంగిమ సరిగ్గా వైద్యులు కోరేదే. కాళ్లు సన్నని పట్టీ మీద వేలాడే చవక క్యారియర్లలో ఆ భంగిమ ఉండదు. కొనేటప్పుడు చూడవలసిన మొదటి విషయం అదే: కూర్చునే గుడ్డ ఒక మోకాలి నుంచి రెండో మోకాలి దాకా ఉందా లేదా.

ఒంటికి ఆనించి మోస్తే బిడ్డ తక్కువ ఏడుస్తుందని మాంట్రియల్‌లో హన్‌జికర్, బార్ 1986లో చూపించారు. రోజూ అదనంగా ఎత్తుకుని తిప్పిన బిడ్డల ఏడుపు ఆరు వారాల వయసులో 43 శాతం తగ్గింది. అవ్వలు నవ్వుకునే పరిశోధన ఇది. ఇంతకన్నా పెద్ద విషయం తక్కువ బరువుతో పుట్టినవాళ్లది. కొలంబియా రాజధాని బొగొటాలో ఇంక్యుబేటర్లు చాలక 1978లో ఎడ్గర్ రే మొదలుపెట్టిన కంగారూ పద్ధతిలో బిడ్డను తల్లి ఛాతీకి చర్మానికి చర్మం తగిలేలా కట్టి ఉంచుతారు. భారత్‌తో సహా ఐదు దేశాల్లో జరిగి 2021లో వెలువడిన అధ్యయనంలో, పుట్టిన వెంటనే ఇలా మొదలుపెడితే ఆ పసికందుల మరణాలు పావువంతు తగ్గాయి. ఈ కంగారూ కట్టుకు ఖరీదైన సామాను అక్కర్లేదు, మెత్తని నూలు గుడ్డ చాలు.

నూలు అన్న మాట దగ్గర మళ్లీ తెలంగాణకు రావాలి. పాత తొట్టెల నిలిచింది పాత నూలు చీర మీద. ఉతికి ఉతికి మెత్తబడిన నూలు ముడి వేస్తే జారదు, గాలి ఆడుతుంది, చెమట పీలుస్తుంది. ఇప్పుడు ఇళ్లల్లో రోజువారీ కట్టేవి ఎక్కువగా పాలిస్టర్. 2017 నుంచి కొన్నేళ్లు ప్రభుత్వం పంచిన బతుకమ్మ చీరలు కూడా సిరిసిల్ల మరమగ్గాల మీద నేసిన పాలిస్టరే.  అయితే తొట్టెలకు, జోలెకు ఆ గుడ్డ పనికిరాదు. ముడి జారుతుంది, మే నెల ఎండలో బిడ్డ ఉడికిపోతుంది. అదే 2017 జూన్‌లో మొదలైన కేసీఆర్ కిట్ పథకంలో సర్కారు దవాఖానలో ప్రసవించిన తల్లికి 12 వేల రూపాయలు, ఆడపిల్ల అయితే 13 వేలు, దానితో పాటు 16 రకాల వస్తువులు ఇచ్చేవారు. దోమతెర, నూనె, సబ్బు, బట్టలు, తల్లికి చీరలు అందులో ఉన్నాయి. మోసుకునే గుడ్డ మాత్రం లేదు. చంక ఉందిగా అనుకుని ఉంటారు.

ఇవాళ ఎర్రవల్లి లాంటి ఊళ్లో పాలు తాగే బిడ్డ ఉన్న ఇంటి దినచర్య ముప్పై ఏళ్ల కిందటిది కాదు. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమైంది. సందు దొరకని బస్సులో ఒక చేత్తో బిడ్డను, ఒక చేత్తో కడ్డీని పట్టుకుని గజ్వేల్ దాకా నిలబడే తల్లులు పెరిగారు. 2023 అక్టోబర్ 3న సిద్దిపేటకూ సికింద్రాబాద్‌కూ మధ్య రైలు మొదలైంది, గజ్వేల్ మధ్యలో స్టేషన్. ఈ ప్రయాణాలకు స్ట్రోలర్ పనికిరాదు. 1965లో ఓవెన్ మెక్లారెన్ అనే విమాన ఇంజనీరు మడత పెట్టే తేలికపాటి బండిని తయారుచేసినా, అది కూడా చదునైన కాలిబాట ఉన్న ఊళ్ల కోసమే. బస్సు మెట్ల మీద రెండు చేతులూ ఖాళీగా ఉంచేది ఒంటికి కట్టుకునే క్యారియరే.

నాలుగు నెలల లోపు బిడ్డకైతే ముఖం కనబడుతూ, గడ్డం ఛాతీకి ఆనకుండా నిటారుగా ఉండేలా దగ్గరగా కట్టుకునేది కావాలి. అడ్డంగా సంచిలో ముడుచుకుని పడుకునే రకం జోలెల్లో ఊపిరాడక బిడ్డలు చనిపోయిన ఘటనల తర్వాత, 2010 మార్చిలో అమెరికా వినియోగ వస్తువుల భద్రతా సంస్థ ప్రత్యేకంగా హెచ్చరిక చేసింది. ఆ నెలలోనే ఇన్ఫాంటినో కంపెనీ తన స్లింగులను వెనక్కి తీసుకుంది. ఆరేడు నెలలు దాటి, కూర్చోవడం వచ్చిన బిడ్డకు నడుము పట్టీ ఉన్నది మేలు, బరువు భుజాల మీద కాకుండా తుంటి మీద పడుతుంది. ఇంట్లో అవ్వ, తల్లి, తండ్రి మారి మారి కట్టుకునేలా ఉంటే పట్టీ సైజు సులభంగా మారాలి. అవ్వకు చీర మీద బకిల్ పెట్టుకోవడం రాకపోతే ఎంత ఖరీదైనదైనా గూటికే చేరుతుంది. ఇంట్లోనే ఉండి బీడీలు చుట్టే తల్లికి క్యారియర్ దండుగ, స్లాబుకు కొక్కెం, నూలు చీర ఉంటే సరిపోతుంది. బిడ్డ లేచి కూర్చునే వయసు వచ్చాక మాత్రం చీర తొట్టెలలో ఒంటరిగా వదలకూడదు, మెడకు చుట్టుకునే ప్రమాదం ఉంది.

చిక్కంతా బండి మీద ఉంది. ఊరి నుంచి మర్కూక్‌కైనా, గజ్వేల్‌కైనా చాలా ఇళ్లకు వాహనం అంటే మోటార్‌సైకిలే. కేంద్ర రవాణా శాఖ 2022 ఫిబ్రవరి 15న నిబంధనలు సవరించి, ఏడాది తర్వాత అమల్లోకి తెచ్చింది: నాలుగేళ్ల లోపు బిడ్డను బండి మీద తీసుకుపోతే, నడిపేవాళ్లకు బిడ్డను కట్టే సేఫ్టీ హార్నెస్ ఉండాలి. అది 30 కిలోల బరువును ఆపగలిగేదై ఉండాలి. తొమ్మిది నెలలు నిండిన బిడ్డ తలకు హెల్మెట్ ఉండాలి. వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. నడిచేటప్పుడు ఛాతీకి కట్టుకునే మామూలు క్యారియర్ ఈ హార్నెస్ కిందికి రాదు. అది వేరే, ఇది వేరే.

అయితే టీకాల కార్డు చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. ఆరు వారాలకు, పది వారాలకు, పద్నాలుగు వారాలకు పడే సూదులన్నీ తొమ్మిది నెలల ముందువే; తొమ్మిది నెలలకు పడేది తట్టు టీకా. అంటే ఊళ్లో బిడ్డను బండి మీద ఆసుపత్రికి తీసుకుపోయే తొలి ప్రయాణాలు దాదాపు అన్నీ ఆ హెల్మెట్ నిబంధన మొదలుకాని వయసులోనే జరుగుతాయి. ఆ వయసు బిడ్డకు సరిపోయే హెల్మెట్ కూడా బజారులో దొరకదు. ఆ నెలల్లో తండ్రి బండి తీయబోతే వద్దని, ఆటోకో బస్సుకో చెప్పి, బిడ్డను నూలు గుడ్డతో ఒంటికి కట్టుకుని బయలుదేరే తల్లులు ఉన్నారు. వెనక సీటు మీద ఒక పక్కకు కూర్చుని, కొంగు కప్పి, ఒళ్లో పట్టుకుని పోయేవాళ్లు అంతకన్నా ఎక్కువ మంది ఉన్నారు.